చూరు కింద గాలి

నాయుడుపేట
8 సెప్టెంబరు 2024

కృపామణక్కకు తమ్ముడు ప్రేమానందం వందనాలు.

ఆదివారం గుడి విడిచాక నేను ఫోన్ చెయ్యడం, నువ్వు “ఏమిరా, తిన్నావా” అనడం ఎన్నేళ్ల అలవాటో మనకు. ఇవాళ కూడా చెయ్యి ఫోను మీదికే పోయింది. నంబరు నొక్కబోయి ఆగిపోయాను. నొక్కితే నీకు వినిపించేది ఉస్సుమనే గాలి ఒక్కటే. ఆపరేషన్లో గొంతుపెట్టె తీసేసి మెడ కింద పెట్టిన రంధ్రం నువ్వు ఆస్పత్రికి వచ్చినప్పుడు చూశావు కదా. ఇప్పుడు నా ఊపిరి రావడం పోవడం అన్నీ అందులోంచే. నోటికీ ముక్కుకూ ఊపిరితో సంబంధం తెగిపోయింది. నా దగ్గరున్నది బటన్ల ఫోను, అందులో అక్షరాలు కొట్టడం నాకు చేతకాదు, కొట్టినా నీ కళ్లకు ఆనవు. అందుకని కాగితం తీసుకున్నాను.

బస్సు మెట్టు మీద నిలబడి “కాళాస్తి, ఏర్పేడు, రేణిగుంట, తిరప్తి” అని అరిస్తే స్టాండు అవతల టీ తాగేవాళ్లు గ్లాసు దింపి పరిగెత్తి వచ్చేవాళ్లు. మా డ్రైవర్ అనేవాడు, “ఈ కండక్టరుంటే నాకు హారనెందుకప్పా” అని. ఆ మనిషి ఇప్పుడు పలక మీద రాసి ఉప్పు అడుగుతున్నాడు.

సుబ్బులమ్మ తడలో అమ్మాయి ఇంటికి వెళ్లింది. రెబెకాకు నెలలు నిండుతున్నాయి, పురుడు పోసి, పిల్ల నిలదొక్కుకున్నాకే వస్తుంది. నేనూ వస్తానంటే ఆస్పత్రి చెకప్పులున్నాయని వద్దంది. నిజానికి నాకే మనుషుల్లోకి వెళ్లాలనిపించడం లేదు. అడిగిన ప్రతివాడికీ పలక చూపించడం, వాళ్లు నాకు చెవుడు కూడా ఉందనుకుని గట్టిగా అరవడం.

అందుకని కోళ్లను తెచ్చుకున్నాను. పదకొండు పెట్టలు, ఒక పుంజు. వాటితో మాట అక్కర్లేదు, రేకు డబ్బా మీద తడితే వచ్చేస్తాయి. ఇంటి వెనక, బావి పక్కన గూడు కట్టిస్తున్నాను. ఇటుక గోడలు, పైన రేకు. లోపల అవి ఎక్కి పడుకునే కర్రలు ఎంత ఎత్తులో పెట్టాలి? గాలికి ఎక్కడ వదలాలి? చిన్నప్పటినుంచీ ఇంట్లో కోళ్లు నీ చేతి కిందే పెరిగాయి. నాకు తినడమే తెలుసు.

నీ తమ్ముడు,
ప్రేమ


చిత్తూరు
19 సెప్టెంబరు 2024

ప్రేమా,

నీ అక్షరాలు చూసి ఎన్నేళ్లయిందిరా! ఇంకా టికెట్ల మీద రాసినట్టే గీకుతున్నావు. చదివి కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, తర్వాత నీ కోళ్ల సంగతి ఆలోచించాను.

కర్రలు మోకాలికి కొంచెం పైన పెట్టు, నడుము దాటనివ్వకు. కొంతమంది నిచ్చెన మెట్ల మాదిరి ఒకదాని మీద ఒకటి కడతారు. అట్లా కట్టావంటే పై మెట్టు కోసం రోజూ సాయంత్రం కొట్లాటే, పైగా పైవాటి రెట్ట కిందివాటి నెత్తిన. అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, అప్పుడు పెద్దా చిన్నా గొడవ ఉండదు. గోడకు మూరెడు దూరం జరుపు, తోకలు రాసుకోకుండా. గుడ్లు పెట్టే బుట్టలు కర్రల కంటే కిందికి ఉండాలి. పైన ఉంటే బుట్టలోనే పడుకుని పాడు చేస్తాయి. సన్న వెదురు పెట్టకు, జారుతుంది. మీ వైపు సరుగుడు కర్ర బాగా దొరుకుతుంది కదా, మణికట్టంత లావుది తీసుకుని కణుపులు, అంచులు గీకించు.

కర్ర మీద కోడి నిద్రలో ఎందుకు పడిపోదో తెలుసా నీకు? ఒక పెట్టను ఎత్తి పట్టుకుని దాని మోకాలు మెల్లగా మడిచి చూడు. వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. కూర్చుంటే చాలు, పట్టు బిగుసుకుంటుంది. పట్టుకుని ఉండడం కోసం అది మేలుకోనక్కర్లేదు. చిన్నప్పుడు అమ్మ నాకు చూపించింది. అరవై ఐదు దాటినా ఆ కాలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు ఝల్లుమంటుంది. దేవుడు ఎంత తీరిగ్గా కూర్చుని అల్లాడురా ఆ నరాన్ని!

గాలికి చూరు కింద సందు వదులు, చాలు. పాము దూరకుండా జాలీ కొట్టించు.

వేళకు తిను. పలక చూపించడానికి సిగ్గెందుకు, అదీ నీ రాతే కదా.

అక్క
కృపామణి


నాయుడుపేట
18 అక్టోబరు 2024

అక్కా,

మనవడు పుట్టాడు! జోయల్ అని పేరు పెట్టారు. సుబ్బులమ్మ ఫోన్ చేసి వాడి ఏడుపు వినిపించింది. ఏం గొంతు! రేణిగుంట దాకా వినిపిస్తుంది.

నువ్వు చెప్పినట్టే కర్రలు కట్టాను. కోడి మోకాలు మడిచి కూడా చూశాను. నిజమే. నా వేలు దాని పాదంలో పెట్టి కాలు మడిస్తే నా వేలిని పట్టుకుంది. కళ్లు మూసుకునే ఉంది, అయినా పట్టుకుంది. ఆస్పత్రినుంచి వచ్చాక ఒకరు నన్ను అట్లా పట్టుకోవడం అదే మొదటిసారి అనిపించింది. చాలాసేపు వదిలించుకోలేదు.

ఒక ఇబ్బంది వచ్చింది. ఇక్కడ ముసురు పట్టి వదలడం లేదు. రోజూ పొద్దున గూడు తలుపు తీసేసరికి రేకు లోపలి వైపునుంచి బొట్లు బొట్లుగా నీళ్లు కారుతున్నాయి. కింద పరిచిన ఊక తడిసి ముద్దవుతోంది. రేకు ఎక్కి చూశాను, ఎక్కడా చిల్లు కనిపించలేదు. వాన లేని పొద్దున కూడా కారుతోంది, అదే నాకు అర్థం కావడం లేదు. ఏం చెయ్యమంటావు?

ప్రేమ


చిత్తూరు
26 అక్టోబరు 2024

ప్రేమా,

జోయల్‌కు ఈ ముసలి అవ్వ ముద్దులు. గుడిలో వాడి పేరు చెప్పించి ప్రార్థన చేయించాను.

రేకు మేకులు కొట్టినచోట కారుతూ ఉంటుంది, కంటికి ఆనదు. పైనంతా టార్పాలిన్ పట్ట కప్పి తాళ్లతో కట్టు. చూరు కింద సందుల్లోంచి జల్లు కూడా కొడుతున్నట్టుంది. వానలు తగ్గేదాకా వాటిని గోనెసంచులతో మూసెయ్యి. తడిస్తే కోడి నిలవదు. నేను ఇన్నేళ్లూ పెంచింది బోదగడ్డి కప్పు కింద, అందులో ఒక్క చుక్క దిగేది కాదు. ఈ రేకుల సంగతి నాకు అంతగా తెలియదు గానీ, ముందు నీళ్లు ఆపు.

నువ్వు కూడా తడవకు. మెడకు గుడ్డ కట్టుకుంటున్నావా? అందులో నీళ్లు పోతే ప్రమాదమని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

అక్క


నాయుడుపేట
8 నవంబరు 2024

అక్కా,

నువ్వు చెప్పినట్టు పట్ట కప్పాను, సంచులు కట్టాను. చీమ దూరడానికి సందు లేదు. అయినా నీళ్లు ఆగలేదు. ఇంకా ఎక్కువయ్యాయి. పట్ట మీద ఇంకో పట్ట వేశాను.

నిన్న నల్ల పెట్ట చచ్చిపోయింది. మూడు నాలుగు రోజులుగా ఒక కన్ను మూసుకునే ఉండేది. మిగతావాటికీ కళ్లు ఉబ్బాయి, నీళ్లు కారుతున్నాయి. తుమ్ముతున్నాయి. ఊపిరి తీస్తే గొరగొరమని చప్పుడు, నాకు కఫం అడ్డం పడినప్పుడు వచ్చేటట్టే. సాయంత్రం కర్ర ఎక్కడానికి కూడా ఓపిక లేక కొన్ని ఊకలోనే ముడుచుకుంటున్నాయి. డబ్బా తడితే పుంజు ఒక్కడే వస్తున్నాడు, వాడూ తల వేలాడేసుకుని.

నాకు భయంగా ఉందక్కా. ఇంట్లో ఇవి తప్ప కదిలే ప్రాణి లేదు.

ప్రేమ


చిత్తూరు
14 నవంబరు 2024

ప్రేమా,

నీ ఉత్తరం చదివినప్పటినుంచీ మనసు మనసులో లేదు. రెండే దారులు కనిపిస్తున్నాయి నాకు. ఒకటి, గూట్లో రెట్ట మగ్గి ఘాటు కట్టడం. అప్పుడు కోళ్ల కళ్లు ఇట్లాగే మండుతాయి. రెండోది కొక్కెర తెగులు. అది పట్టిందంటే గూడంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఒక్కటి చెప్పు. పొద్దున తలుపు తియ్యగానే ముక్కులు అదిరే వాసన వస్తోందా? బాగా చూసి రాయి, దాని మీదే అంతా ఆధారపడి ఉంది. పశువుల ఆస్పత్రికి కూడా ఒక కోడిని తీసుకుని వెళ్లు. పలక తీసుకుపో.

అక్క


నాయుడుపేట
20 నవంబరు 2024

అక్కా,

వాసన ఏమీ రావడం లేదు. తలుపు తీసి చాలాసేపు నిలబడ్డాను. ఏమీ లేదు.

ఇంకో పెట్ట పోయింది. పశువుల ఆస్పత్రి దాకా వెళ్లాను. జనం ఎక్కువగా ఉన్నారు. నా వంతు రాకముందే తిరిగి వచ్చేశాను.

ప్రేమ


చిత్తూరు
26 నవంబరు 2024

ప్రేమా,

వాసన లేదంటే ఇక తెగులే. నాకు ఇంకో అనుమానం లేదు. చిన్నప్పుడు మన ఇంట్లో ఒకసారి వచ్చింది, నువ్వు అప్పుడు ఒళ్లో పిల్లవాడివి. వీధి వీధంతా ఒక్క కోడి మిగల్లేదు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

కష్టమైనా చెప్పక తప్పదు. మిగిలినవాటిని కూడా వదిలించుకోవాలి. ఎవరికీ అమ్మకు, ఎవరినీ తిననివ్వకు. ఊళ్లో కోళ్లకు అంటుకోకముందే గుంత తీసి, సున్నం చల్లి పూడ్చెయ్యాలి. నీ చేతులతో చెయ్యలేవని నాకు తెలుసు. ఎవరినైనా పిలువు. వంతు రాకుండానే ఆస్పత్రినుంచి వచ్చేశావే, అప్పుడే చూపించి ఉంటే ఏదైనా మందు దొరికేదేమో. నీకోసం నువ్వు ఎట్లాగూ అడగవు, వాటికోసమైనా అడగకూడదా?

నీ మీద కోపంతో రాయడం లేదు. కానీ రాశాను.

అక్క


నాయుడుపేట
5 డిసెంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరి మొహమూ చూడలేదు. నువ్వు అన్నది నిజమే కాబట్టి ఎక్కువ నొచ్చుకున్నాను. తర్వాత వెళ్లి, మా పక్క చేని వరదయ్యకు పలక మీద రాసి చూపించాను. ఆయన చదివి, “సరేలేప్పా, పొద్దున వస్తాను. నువ్వు ఈడ ఉండబాక, రోడ్డు మీదికి పో” అన్నాడు.

నేను పోలేదు. పొద్దున ఆయన పారతో వచ్చి జామచెట్టు అవతల గుంత తవ్వాడు. గోతం చేత్తో పట్టుకుని గూడు దగ్గరికి వచ్చాడు. నేను తలుపు తీశాను. ఆయన తల లోపలికి పెట్టాడో లేదో, ఎవరో మొహం మీద కొట్టినట్టు వెనక్కి వచ్చి కూలబడ్డాడు. గోతంతో ముక్కు మూసుకుని దగ్గుతున్నాడు, కళ్లలోంచి ధారగా నీళ్లు.

“ఏందప్పా ఇది!” అన్నాడు. “కండ్లు మండిపోతా ఉండాయే! ఈ కంపులో కోడి కాదు, ఏనుగైనా సస్తాది. నీకెట్లా తెలీకుండా పోయినాది?”

నేను పలక తీసుకున్నాను. ‘నాకు వాసన తెలియదు’ అని రాశాను.

ఆయన అది చదివి నా మెడ వైపు చూశాడు. నా ముక్కు వైపు చూశాడు. “అబ్బా…” అన్నాడు, అంతే. లేచి గూడు పైన పట్టలు రెండూ లాగి పారేశాడు. గోనెసంచులు పీకేశాడు. కోళ్లను ఒక్కొక్కదాన్నే బయటికి తెచ్చి జామచెట్టు కింద వదిలాడు. గుంతలో తడి ఊకంతా ఎత్తిపోసి పూడ్చేశాడు.

అక్కా, ఊపిరి ముక్కులోంచి పోవడం ఆగిపోయాక వాసన కూడా ఆగిపోయింది. ఇంటికి వచ్చిన మొదటి రోజు సుబ్బులమ్మ పులుసు పోపు పెడితే తెలిసింది నాకు, చప్పుడు వినిపించింది గానీ ఇంకేమీ రాలేదు. గొంతు పోయిందనే ఇంటిల్లిపాదీ అన్నన్ని రోజులు ఏడ్చారు. ఇది కూడా చెప్పి ఇంకొకసారి ఏడిపించడం ఎందుకని ఊరుకున్నాను. నువ్వు వాసన వస్తోందా అని అడిగితే రావడం లేదని ఉన్నమాటే రాశాను. నాకు రాకపోవడం వేరు, అక్కడ లేకపోవడం వేరు అని ఆ క్షణాన తట్టలేదు. తలుపు దగ్గర నిలబడితే నాకూ కళ్లు చెమర్చేవి, దగ్గు వచ్చేది. దగ్గు ఎప్పుడూ ఉన్నదే. కన్నీళ్లంటావా, ఒంటరిగా ఉన్నాను కదా, మనసు బాగాలేక వస్తున్నాయనుకున్నాను.

కోళ్లు జామచెట్టు కింద ఎండలో రెక్కలు చాపి పడుకున్నాయి. ఇంకేమీ పోలేదు.

ప్రేమ


చిత్తూరు
11 డిసెంబరు 2024

ప్రేమా, నా తండ్రీ,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని పొయ్యి మీద అన్నం మాడబెట్టాను. ఆ మాడు వాసన వచ్చినప్పుడు, ఇది కూడా వాడికి లేదు కదా అనిపించి అక్కడే కూర్చుండిపోయాను.

తప్పు నాదిరా. పట్ట కప్పమన్నది నేను, సంచులు కట్టమన్నది నేను. చీమ దూరే సందు లేకుండా మూశానని నువ్వు రాసినా నాకు తట్టలేదు. ఇప్పుడు ఆ నీళ్ల సంగతి కూడా తెలిసింది. మా ఇంటి పక్క గుణశేఖర్ అని ఒకతను షెడ్డు వేసి కోళ్లు పెంచుతాడు. వాన లేని రోజు కూడా రేకు లోపల నీళ్లు ఎట్లా కారుతాయి నాయనా అని అడిగాను. “అది వాన కాదత్తా, కోళ్ల ఊపిరి” అన్నాడు. “చీకటి పడినప్పటినుంచీ అవి వదిలే ఊపిరి పైకి పోతాది, సల్లటి రేకుకు తగిలి నీళ్లయి కారతాది. అది బయటికి పోవల్ల. పోకుంటే మళ్లీ కోడి మీదే పడతాది.”

గుప్పెడంత ప్రాణాలు, ఊక తడిసి ముద్దయ్యేటంత ఊపిరి! దాన్ని మనం చిల్లు అనుకున్నాం. వాన లోపలికి వస్తోందని మూశాం, అది బయటికి పోలేక కొట్టుకుంది. మీ గూట్లో ఏం జరిగిందో తెలిసేసరికి నేను ఇన్నేళ్లు కోళ్లు పెంచి ఏం చూశానా అనిపించింది. మా బోదకప్పు ఆ ఊపిరిని తనలోంచే బయటికి వదిలేసేది, తెలివి నాదనుకున్నాను.

ఇప్పుడు చెయ్యాల్సింది రాస్తాను. రెండు పొడుగు గోడల మీదా చూరు కింద ఒక వరస ఇటుకలు తీయించు, ఈ చివరినుంచి ఆ చివరి దాకా. జాలీ కొట్టించు. జల్లు పడకుండా రేకును మూరెడు బయటికి జరిపించు. ఆ సందు కోళ్లు కర్ర మీద కూర్చున్నప్పుడు వాటి తలలకు బాగా పైన ఉండాలి. సరిగ్గా వాటి ఒంటి ఎత్తున సందు పెడితే ఈదురుగాలి నేరుగా తగులుతుంది, అది ఇంకో జబ్బు.

సరిగ్గా ఉందో లేదో ముక్కు లేకుండా తెలుసుకునే ఉపాయం కూడా అతనే చెప్పాడు. సందెవేళ అన్నీ కర్ర ఎక్కాక ఒక ఊదికడ్డి వెలిగించి లోపల పట్టుకో. మెడకు గుడ్డ తడిపి కట్టుకుని మరీ వెళ్లు. కోళ్ల దగ్గర పొగ నిలువుగా ఉండాలి. వాటి తలల పైన వంగి బయటికి పోవాలి. చూసి రాయి.

ఇంకొక మాట. వాసన పోయిందని మీ డాక్టరుకైనా చెప్పావా? చెప్పి ఉండవు.

అక్క


నాయుడుపేట
21 డిసెంబరు 2024

అక్కా,

తప్పు నీది కాదు, నాది కూడా కాదు. వరదయ్య అంటాడు, “రేకుదప్పా తప్పు” అని.

ఇటుకలు తీయించాం. వరదయ్యే మేస్త్రిని తెచ్చాడు. కొత్త ఊక పరిచాం. కళ్ల వాపులు తగ్గాయి, ఎర్రపెట్టకు మాత్రం ఒక కన్ను ఇంకా సగమే తెరుచుకుంటోంది. కర్ర ఎక్కడం మళ్లీ మొదలుపెట్టాయి. నిన్న సందెవేళ ఊదికడ్డి పట్టుకుని లోపలికి వెళ్లాను.

ఎట్లా రాయాలో తెలియడం లేదక్కా. ముందు పుంజు ఎక్కాడు. తర్వాత ఒక్కొక్క పెట్టా మెడ సాచి, కర్రను కాసేపు కొలిచి చూసి, రెక్క ఒక్కసారి కొట్టి ఎగిరింది. పక్కదాన్ని జరిపి చోటు చేసుకుంది. కాసేపు గొణుగుళ్లు, సర్దుకోవడాలు. ఆఖరి బస్సులో సీట్లు దొరికినవాళ్లంతా మెల్లగా మాటలాపి కునుకు తీస్తారే, అట్లా ఉంది. నేను వంగి వాటి పాదాల దగ్గర కడ్డీ పట్టాను. పొగ దారం వేలాడదీసినట్టు నిలువుగా నిలబడింది. ఒక్క ఈక కదల్లేదు. కడ్డీని మెల్లగా పైకి తెచ్చాను. వాటి వీపులు దాటాను, తలలు దాటాను. ఇంకో జానెడు పైకి పోగానే ఆ దారం వణికింది. వంగింది. స్టాపు వచ్చినట్టు ఒకే వరసగా చూరు కింద సందు వైపు కదిలి, జాలీలోంచి బయటికి దిగిపోయింది. అవతల పక్క సందులోంచి కొత్త గాలి వస్తోందని నా తడి గుడ్డకు చల్లగా తెలిసింది.

గాలిని చూశానక్కా. అరవై రెండేళ్లు పీల్చాను గానీ ఒక్కనాడూ చూడలేదు. అంత దగ్గరలో అంత గాలి పోతుంటే వాటికి తెలియనే తెలియదు, కళ్లు మూసుకుని కూర్చున్నాయి. వాటి ఊపిరిని ఎవరో పైనుంచి మెల్లగా చెయ్యి పట్టి బయటికి తీసుకుపోతున్నట్టుంది. కడ్డీ కాలిపోయేదాకా అట్లాగే నిలబడ్డాను. నా ఊపిరి కూడా మెడ దగ్గర గుడ్డను కదిలిస్తూ వాటి ఊపిరితో కలిసి అదే దారిన పోతోంది. ఈ రంధ్రం పెట్టిన రోజునుంచీ దాన్ని అద్దంలో చూసుకోవాలంటే నాకు ఏవగింపు. నిన్న మొదటిసారి దాని మీద చెయ్యి పెట్టి, లోపలికీ బయటికీ పోయే గాలిని ఊరికే గమనిస్తూ ఉండిపోయాను. ఇది కూడా ఆ చూరు కింద సందులాంటిదే కదా. ఎవరో డాక్టరు లెక్క చూసి, ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాడు. దాని వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ పొద్దున రేకు లోపల తడిమి చూశాను. పొడిగా ఉంది.

డాక్టరుకు చెప్పలేదు. నువ్వు ఎట్లా కనిపెట్టావు?

ప్రేమ


చిత్తూరు
30 డిసెంబరు 2024

ప్రేమా,

నీ ఉత్తరాన్ని గుణశేఖర్‌కు చదివి వినిపించాను. ఆ మనిషి లేచిపోయి షెడ్డులో కడ్డీ వెలిగించుకున్నాడట. తర్వాత వచ్చి, “నేను పొగ వంగిందా లేదా అనే సూసేవాణ్ణత్తా, గాలిని ఎప్పుడూ సూళ్లేదు” అన్నాడు.

నువ్వు చెకప్పుకు వెళ్లేటప్పుడు వాసన సంగతి రాసి చూపించు. ఈసారి వంతు వచ్చేదాకా కూర్చో. కోళ్లకోసమైతే వరదయ్య దగ్గరికి వెళ్లి పలక చూపించావు కదా, నీకోసం కూడా వెళ్లు. ఇది నా మాట కాదు, ఆజ్ఞ. అక్కగా ఇన్నేళ్లలో ఒక్కటైనా వాడుకోనీ.

కొత్త సంవత్సరం ఆరాధనకు తెల్లచీర కట్టుకుంటున్నాను. నీకోసం రెండు పాటలు ఎక్కువ పాడతాను, నీ వంతువి కూడా.

అక్క


నాయుడుపేట
16 ఫిబ్రవరి 2025

అక్కా,

చాలా రోజులుగా రాయనందుకు తిట్టుకుంటూ ఉంటావు. రాయడానికి ఏదైనా జరగాలని ఆగాను.

జనవరిలో ఆస్పత్రికి వెళ్లాను. వంతు వచ్చేదాకా కూర్చున్నాను. డాక్టరు చదివి, నన్ను రాజశ్రీ అనే అమ్మాయి దగ్గరికి పంపాడు, గొంతు పోయినవాళ్లకు మాట నేర్పే అమ్మాయి. ఆమె నవ్వి, “ముక్కు ఏడికీ పోలేదు నాయనా. దానికి గాలి అందడం లేదు, అంతే. గాలి పంపిస్తే పని చేస్తాది” అంది. చూరు కింద సందులు తీయించినవాణ్ణి కదా, ఆ మాట వినగానే అర్థమైంది. పెదవులు గట్టిగా మూసుకుని, ఆవలింత వస్తే దాచుకున్నట్టు దవడ కిందికి జార్చాలట. అప్పుడు నోటి లోపల చోటు పెరిగి, ముక్కులోకి కాస్త గాలి వస్తుంది. ఊపిరి కాదు, ఊరికే ఒక గుక్కెడు గాలి.

రోజూ చేశాను. కాఫీ పొడి దగ్గర, మల్లెల దగ్గర, సబ్బు దగ్గర. ఏమీ లేదు. వీధిలో వాళ్లు నేను ప్రతిదానికీ ఆవలిస్తున్నానని చూసి నవ్వుకున్నారు. సుబ్బులమ్మ తడనుంచి వచ్చేసింది, ఆమెకు కూడా అన్నీ చెప్పాను. అనుకున్నట్టే ఏడ్చింది. తర్వాత పోపు పెట్టిన ప్రతిసారీ గరిటె తెచ్చి నా ముక్కు కింద పెట్టడం మొదలుపెట్టింది. నేను తల అడ్డంగా ఊపడం, ఆమె గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోవడం.

మొన్న పొద్దున మంచు దట్టంగా కురిసింది. కోళ్లకు చలి అని సుబ్బులమ్మ ముందు రోజు సాయంత్రమే నాకు చెప్పకుండా చూరు కింద సందులకు గోతాలు కట్టింది. నాకు తెలియదు. తలుపు తీశాను. రోజూ చేసే అలవాటు కొద్దీ పెదవులు బిగించి దవడ జార్చాను.

సూది గుచ్చినట్టయింది అక్కా. ముక్కు లోపల, కళ్ల మధ్య. ఒక్క క్షణం అది ఏమిటో తెలియలేదు. ఎక్కడో చూసిన మనిషి, పేరు గుర్తు రావడం లేదు, అట్లా. మళ్లీ దవడ జార్చాను. మళ్లీ వచ్చింది. ఘాటు! రెట్ట ఘాటు, దాని వెనకే తడి ఊక, ఇంకా వెనక కోళ్ల ఈకల వెచ్చటి వాసన. మూడూ వేరువేరుగా తెలిశాయి.

పరిగెత్తి వెళ్లి పలక తెచ్చాను. పెద్ద పెద్ద అక్షరాలతో ‘కంపు’ అని రాసి సుబ్బులమ్మకు చూపించాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. “సలిగా ఉండాదని కట్టినానయ్యా, ఒక్క పూటే కదా. ఇంత మాత్రానికి కోపం చేసుకోవల్లనా?” అని గోతాలు విప్పడానికి కదిలింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. పలక మీది మాట మీద వేలు పెట్టి, ఆ వేలు నా ముక్కు మీద పెట్టుకున్నాను.

ఆమె అట్లాగే చూసింది. “నీకు… తెలస్తా ఉండాదా?” అంది. నేను తలూపాను. ఆమె బావి గట్టు మీద కూర్చుండిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “దేవా, దేవా” అని ఒకటే నవ్వడం, ఒకటే ఏడవడం.

తర్వాత ఇద్దరం కలిసి గోతాలు విప్పాం. మంచు గాలి ఒక పక్కనుంచి లోపలికి పోయింది. కోళ్లు ఒక్కొక్కటే దిగి బయటికి వచ్చేశాయి. సుబ్బులమ్మ ముక్కు మూసుకుని, “రాయ్యా బయటికి, ఏం కంపది” అని పిలుస్తూనే ఉంది. నేను రాలేదు. మెడకు తడి గుడ్డ అదుముకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆ కంపు కొంచెం కొంచెంగా పలచబడి చూరు కిందనుంచి పూర్తిగా వెళ్లిపోయేదాకా, పెదవులు మూసుకుని, దాన్ని గుక్కగుక్కగా ముక్కులోకి తీసుకుంటూ.

నీ తమ్ముడు,
ప్రేమానందం